సూక్ష్మ మోటార్లకు ఫ్యాను లేదు, తోక లేదు: మరి నీళ్లలో దేన్ని పట్టుకుని కదులుతున్నాయి?

పంతులమ్మ_తెనాలి (1)

అందరికీ నమస్కారం. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మొన్న సెకండియర్ క్లాసులో ఉత్ప్రేరకాల పాఠం నడుస్తోంది. ప్లాటినం తగిలితే హైడ్రోజన్ పెరాక్సైడ్ నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుందని బోర్డు మీద రాశాను. వెనక బెంచీ అమ్మాయి లేచి, "మేడం, ఈ రియాక్షన్‌తోనే నడిచే కంటికి ఆనని మోటార్లు ఉన్నాయట కదా, వీడియో చూశాను" అంది.

ఇంటికొచ్చి నేనూ చూశాను. మైక్రోస్కోపు కింద సన్నటి కడ్డీలు, పంచదార డబ్బా చుట్టూ చీమల్లా ఎటు పడితే అటు పోతున్నాయి. ఫ్యాను లేదు, తోక లేదు, తీగ లేదు. మర్నాడు ఆ పిల్ల మళ్లీ పట్టుకుంది: "వాటిని ఏది తోస్తోంది మేడం?" ఆక్సిజన్ బుడగలు వెనక్కి పోతాయి, కడ్డీ ముందుకు పోతుంది, రాకెట్ లాగా అని చెప్పేశాను. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, ఆ వీడియోలో అసలు బుడగలే లేవు. పిల్లకి తప్పు చెప్పానేమోనని మనసు పీకుతోంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఆవిరియంత్రం (2)

మేడం, మీరు చెప్పింది తప్పెలా అవుతుంది? 34 ఏళ్లు థర్మల్ స్టేషన్‌లో టర్బైన్ల మధ్య పనిచేసి రిటైరయ్యాను. గ్యాసు ఒకవైపు పోతే వస్తువు రెండోవైపు పోతుంది. సైజు తగ్గినంత మాత్రాన న్యూటన్ సూత్రం మారదు. బుడగలు మరీ చిన్నవై కెమెరాకి అందలేదేమో.

గాజుపలక (3)

మేడం గారికి, సర్‌కి నమస్తే. నేను పీహెచ్‌డీ నాలుగో ఏడు. రోజంతా చూసేవి ఈ మోటార్లే, అందుకే ఆగలేక రాస్తున్నాను.

సర్, మీకొచ్చిన ఆలోచనే వీటిని మొదట చేసినవాళ్లకీ వచ్చింది. 2004లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఆయుష్మాన్ సేన్, థామస్ మలూక్ బృందం సగం బంగారం, సగం ప్లాటినం ఉన్న కడ్డీలు తయారుచేసింది. పొడవు 2 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మందం 370 నానోమీటర్లు (నానోమీటరు అంటే మైక్రానులో వెయ్యో వంతు). తలవెంట్రుక అడ్డకొలతలో వరసగా పేరిస్తే ముప్పై నలభై పడతాయి. 2, 3 శాతం పెరాక్సైడ్‌లో వేస్తే సెకనుకి తమ పొడవుకి 10 రెట్ల దూరం దాకా పోయాయి. ఆక్సిజన్ పుట్టేది ప్లాటినం వైపు. రాకెట్ లెక్కన ప్లాటినం వెనక, బంగారం ముందు ఉండాలి.

తీరా చూస్తే కడ్డీలు ప్లాటినాన్నే ముందు పెట్టుకుని పోయాయి. రాకెట్ తన మంట వైపుకే ఎగిరినట్టు! ఈ రంగం మొత్తం ఆ ఒక్క గమనిక మీద నిలబడింది. కడ్డీ ఎటు పోతుందో చూడకుండా వేగం మాత్రమే కొలిచి ఉంటే, బుడగల కథే ఇంకో పదేళ్లు నడిచేది.

ఆవిరియంత్రం (4)

ప్లాటినమే ముందా? ఇది నాకు కొత్త. అయితే న్యూటన్ మూడో సూత్రం ఏమైనట్టు?

లెక్కలమాస్టారు (5)

సూత్రం చెక్కుచెదరలేదు సర్. ఆ లోకంలో జడత్వానికి విలువ లేకుండా పోయింది, అంతే. రాకెట్ ఆలోచనకి ఆధారం జడత్వమే: ఒక తోపు తోస్తే కాసేపు పోతూనే ఉంటాం అని. నీళ్లలో ఆ కాసేపు ఎంతో లెక్క కట్టాను.

1.6 మైక్రాన్ల పూస ఒకటి సెకనుకి 3 మైక్రాన్ల వేగంతో పోతోందనుకుందాం. ఇంజను ఆపేశాం. నీటి జిగట దాన్ని సెకనులో దాదాపు కోటో వంతులో ఆపేస్తుంది. ఈలోగా అది జారే దూరం హైడ్రోజన్ పరమాణువు అడ్డుకొలతలో 200వ వంతు కూడా ఉండదు. పడవైతే తెడ్డు ఆపాక పది గజాలు జారుతుంది. ఇది మాత్రం తోపు ఉన్నంతసేపే కదులుతుంది. నిన్నటి తోపు ఇవాళ్టికి పనికిరాదు.

జడత్వానికీ జిగటకీ మధ్య నిష్పత్తిని రెనాల్డ్స్ సంఖ్య అంటాం. మనిషి ఈదేటప్పుడు అది 10 లక్షలకి అటూ ఇటూ. బంగారం ప్లాటినం కడ్డీకి 0.00002. మనం అదే వేగంతో ఈదుతూ కడ్డీ స్థితికి రావాలంటే, కొలనులో నీటికన్నా సుమారు 5,000 కోట్ల రెట్లు చిక్కటి ద్రవం ఉండాలి. ఆముదం చిక్కదనం నీటికి 1,000 రెట్లే. క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో 1927 నుంచి గరాటులో ఉంచిన తారులాంటి ముద్ద ఉంది చూశారా, సుత్తితో కొడితే పెంకులా పగిలేది, 2014 దాకా 9 చుక్కలు మాత్రమే రాల్చింది? ఆ కోవ ద్రవం కావాలి.

ఎడ్వర్డ్ పర్సెల్ అనే భౌతిక శాస్త్రవేత్త 1976లో ఒక ఉపన్యాసంలో దీన్ని ఆల్చిప్పతో చెప్పారు. ఆల్చిప్ప మెల్లగా తెరుచుకుని, టక్కున మూసుకుని సముద్రంలో ముందుకు పోతుంది. సూక్ష్మలోకంలో ఆ ఎత్తు పారదు. మెల్లగా తెరిచినా, గబుక్కున మూసినా, పోయినంత దూరం వెనక్కి వచ్చి ఉన్నచోటే ఉంటుంది. వెళ్లిన దారినే వెనక్కి వచ్చే ఏ కదలికైనా అంతే. బాక్టీరియా అందుకే తోకని మరమేకులా తిప్పుతుంది.

మందులషాపు_వరంగల్ (6)

మాస్టారు లెక్క మంచిగున్నది. కానీ నాకొక ముచ్చట సమజ్ కాలే. కడ్డీకి తోక లేదు, మరమేకు లేదు. బుడగ తోస్తలేదు. మరి ఏం పట్టుకొని పోతున్నది? మా షాపుల పుండ్లు కడిగే పెరాక్సైడ్ బాటిల్ కూడా ఇదే గదా, 3 శాతం?

గాజుపలక (7)

అవునన్నా, అదే మందు, అదే గాఢత.

ఏం పట్టుకుని పోతుందో చెప్పడానికి నాకు బల్లకట్టు గుర్తొస్తోంది. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊరికి కృష్ణ దాటి వెళ్లేవాళ్లం. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తాడు కట్టి ఉండేది. బల్లకట్టు మీద నిలబడిన మనిషి తాడుని రెండు చేతులా పట్టుకుని తనవైపుకి, వెనక్కి లాగేవాడు. తాడు వెనక్కి పోయినట్టుంటుంది, బల్లకట్టు ముందుకి సాగుతుంది. నీళ్లని వెనక్కి చిమ్మింది లేదు, ఇంజను లేదు.

కడ్డీకి ఆ తాడు తన ఒంటినంటి ఉన్న నీటిపొరే. నానోమీటర్లలో కొలిచేంత పల్చటి పొర.

దాన్ని లాగేది విద్యుత్తు. ప్లాటినం చివర పెరాక్సైడ్ ఎలక్ట్రాన్లని వదిలి ఆక్సిజన్‌గా మారుతుంది, ప్రోటాన్లు నీళ్లలోకి వస్తాయి. ఎలక్ట్రాన్లు లోహం లోపలి నుంచే బంగారం చివరకి పోతాయి. అక్కడ ఇంకో పెరాక్సైడ్ ఆ ఎలక్ట్రాన్లనీ, చుట్టూ ఉన్న ప్రోటాన్లనీ తీసుకుని నీరవుతుంది. అంటే కడ్డీ తనంతట తనే షార్ట్ సర్క్యూట్ అయిన చిన్న బ్యాటరీ. ప్లాటినం దగ్గర ప్రోటాన్లు ఎక్కువ, బంగారం దగ్గర తక్కువ, కాబట్టి బయట నీళ్లలో ప్లాటినం నుంచి బంగారం వైపుకి విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. కడ్డీ ఒంటి మీద రుణావేశం ఉంటుంది కనుక దాన్నంటిన నీటిపొరలో ధనావేశం పేరుకుని ఉంటుంది. క్షేత్రం ఆ పొరని బంగారం వైపుకి, అంటే వెనక్కి, లాగుతుంది. కడ్డీ ప్లాటినం వైపుకి, అంటే ముందుకి, సాగుతుంది. తాడు వెనక్కి, బల్లకట్టు ముందుకి.

ఆవిరియంత్రం సర్, ఇక్కడ కడ్డీ మీదా దాని ఆవేశపు పొర మీదా పనిచేసే బలాలన్నీ కలిపితే సున్నా. బయటి నుంచి తోసేవాడు ఎవడూ లేడు. న్యూటన్ సూత్రం నిక్షేపంగా ఉంది.

2004లో మొదటి పేపరు రాసినప్పుడు ఆ బృందం ఇంకో కారణం అనుకుంది, ఆక్సిజన్ వల్ల తలతన్యతలో (నీటి పైపొర బిగువులో) తేడా వస్తోందని. తర్వాత రెండేళ్లలో వాళ్లే ఎలక్ట్రోడ్లు పెట్టి కొలిచి, ఈ విద్యుత్ మార్గమే సరైనదని తేల్చారు. తమ మొదటి వివరణని తామే మార్చుకున్నారు. నాకు అది చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఆవిరియంత్రం (8)

బల్లకట్టుతో పూర్తిగా అర్థమైంది బాబూ. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మేడం, పిల్లలకి ఇదే చెప్పండి. ఇంజనీరుని కాబట్టి ఒక ప్రశ్న: దీని దక్షత ఎంత? మా యూనిట్లో బొగ్గులో వందకి 35 వంతులు కరెంటుగా తీసేవాళ్లం, దానికే ఎంతో తంటాలు పడేవాళ్లం.

గాజుపలక (9)

పెరాక్సైడ్‌లోని శక్తిలో కదలికగా మారేది సుమారు 100 కోట్లలో ఒక వంతు సర్. మిగతాదంతా వేడిగా పోతుంది. దీన్ని పెంచడం మా రంగంలో పెద్ద పని.

పంతులమ్మ_తెనాలి (10)

గాజుపలక గారూ, ఇంత ఓపిగ్గా చెప్పినందుకు కృతజ్ఞతలు. ప్లాటినం కొనే స్తోమత మా ల్యాబుకి లేదు. ఇంధనం లోపల పెట్టుకుని తనంతట తను కదిలేది ఏదైనా పిల్లల కళ్ల ముందు చూపించాలనిపించి హారతి కర్పూరంతో ప్రయత్నించాను.

మొదటిసారి అస్సలు కదల్లేదు. తెల్లటి పింగాణీ ప్లేటులో నీళ్లు పోసి, కర్పూరం బిళ్ళ చిదిపి పలుకులు వేస్తే ఊరికే తేలుతూ కూర్చున్నాయి. కారణం ఆలోచిస్తే, ప్లేటు గిన్నెలు తోమే సబ్బుతో కడిగాను, సరిగా తొలచలేదు. రెండోసారి ఆరేడుసార్లు నీళ్లు మార్చి, వేడినీళ్లతో కూడా తొలిచి, వేళ్లు తగలకుండా పట్టకారుతో ఆవగింజంత పలుకు వదిలాను. అది నీటిని తాకీ తాకగానే గిర్రున తిరిగి ప్లేటు ఈ అంచు నుంచి ఆ అంచుకి పరిగెత్తింది. అంచు దగ్గర ఆగదు, మళ్లీ తిరుగుతుంది. పిల్లలు కేకలు. పావుగంట పైనే ఆడింది.

అంతలో ఒక అబ్బాయి, తలకి బాగా కొబ్బరినూనె పెట్టుకొచ్చాడు, జుట్టు సవరించుకున్న వేలుతో నీళ్లు ముట్టుకున్నాడు. టక్కున పలుకులన్నీ ఒకేసారి ఆగిపోయాయి. కరెంటు పోయినట్టే. క్లాసంతా నిశ్శబ్దం. ఎందుకు ఆగిందో వాళ్లే చెప్పాలని వదిలేశాను. వీడియో చూసి ప్రశ్న అడిగిన పిల్లే చెప్పింది: "కర్పూరానికి ఒక పక్క నీళ్లు గట్టిగా లాగుతున్నాయి, ఇంకో పక్క వదులుగా ఉన్నాయి. నూనె వచ్చి అన్ని పక్కలా ఒకటే చేసేసింది."

లెక్కలమాస్టారు (11)

ఆ అమ్మాయికి నా ఆశీస్సులు. ఈ ఆటతోనే 1890లో లార్డ్ రేలీ ఒక కొలత తీశారు. 84 సెంటీమీటర్ల వెడల్పు తొట్టిలో నీళ్లు పోసి, కర్పూరం ఆడుతుండగా తూచిన ఆలివ్ నూనె వేస్తూ పోయారు. 0.8 మిల్లీగ్రాము పడేసరికి కర్పూరం దాదాపు ఆగింది. నూనె బరువు నుంచి ఘనపరిమాణం కట్టి, దాన్ని తొట్టి వైశాల్యంతో భాగిస్తే పొర మందం 1.6 నానోమీటర్లు. అణువుల సైజు ఎంతో ఎవరికీ సరిగ్గా తెలియని రోజుల్లో, కర్పూరం పలుకు సాక్ష్యంతో అణువంత మందాన్ని కొలిచారు. మీ విద్యార్థి వేలి నూనె కూడా అంత పల్చగానే పరుచుకుని ఉంటుంది.

గాజుపలక (12)

మేడం, చదువుతుంటే ఒళ్లు పులకరించింది. "అన్ని పక్కలా ఒకటే చేసేసింది" అన్నది ఆ పిల్ల. మా రంగాన్ని ఒక్క వాక్యంలో చెప్పమంటే నేనూ అదే చెబుతాను. మోటారుకి కావలసింది తన చుట్టూ తానే పుట్టించుకునే తేడా. కడ్డీ విషయంలో ప్రోటాన్ల తేడా, కర్పూరం విషయంలో తలతన్యత తేడా. తేడా చెరిగితే మోటారు ఆగుతుంది.

ఒక్క జాగ్రత్త చెప్పండి పిల్లలకి: కర్పూరం నీటి పైన ఆడుతుంది, గాలి తగిలే చోట. అది పెద్దది కాబట్టి కాస్త జడత్వమూ ఉంటుంది. నీటి లోపలే తలతన్యతతో ఈదేవి వేరే ఉన్నాయి: సబ్బునీళ్లలో పదుల మైక్రాన్ల నూనెచుక్కలు. సబ్బు గాఢత బాగా ఉంటే చుక్కలోని నూనె మెల్లగా సబ్బు అణువుల గుంపుల్లోకి కరిగిపోతుంది. ఒకవైపు కొంచెం ఎక్కువ కరిగితే చాలు, ఉపరితలం మీద ప్రవాహం పుట్టి చుక్క కదులుతుంది. కదిలేసరికి ముందు తాజా సబ్బునీరు, వెనక వాడేసిన నీరు. ఆ తేడా దాన్ని ఇంకా నడిపిస్తుంది. గుండ్రటి చుక్క, ముందూ వెనకా లేనిది, తన ముందూ వెనకల్ని తనే తయారుచేసుకుంటుంది. ఇలాంటి చుక్కల మీద మన ఐఐటీ హైదరాబాద్‌లో కూడా పని జరుగుతోంది.

చెరువుగట్టు_భీమవరం (13)

ఏవండీ, నేను రొయ్యల రైతునండి. చదువు ఇంటర్ దాకానే. రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతే చెరువులో ఆక్సిజన్ గుళికలు చల్లుతామండి. అవి నీళ్లలో పడగానే బుడగలు వదులుతూ అడ్డదిడ్డంగా దిగుతాయి. అదీ ఇలాంటి మోటారేనంటారా? ఇంకోటి, ఈ చిన్న మోటార్లు చెరువు అడుగున తిరిగి మురికి తినేస్తాయా? అలా ఉంటే మాకు చాలా పనికొస్తుందండి.

గాజుపలక (14)

మీ గుళికలు దగ్గరి చుట్టాలే అండి. బుడగలతో నిజంగా నడిచే మోటార్లు ఉన్నాయి, మేడం మొదట చెప్పిన రాకెట్ కథ వాటికి కొంత నప్పుతుంది. జర్మనీలో డ్రెస్డెన్‌లోని ఒలివర్ ష్మిట్ బృందం 2008, 2009 ప్రాంతంలో పల్చటి లోహపు రేకుని చాపలా చుట్టి గొట్టం చేసింది. లోపలి గోడ ప్లాటినం. పెరాక్సైడ్ లోపలికి పోతుంది, ఆక్సిజన్ బుడగ గొట్టంలో పెరిగి ఒక చివర నుంచి బయటపడుతుంది. బుడగ ఊడినప్పుడల్లా గొట్టం ఒక అడుగు ముందుకి. సెకనుకి 2 మిల్లీమీటర్ల దాకా పోయాయి, కడ్డీలకన్నా వంద రెట్లు. 2011లో 37 డిగ్రీల వేడి దగ్గర సెకనుకి 10 మిల్లీమీటర్లు కూడా అందుకున్నారు. కాకపోతే ఆ నీళ్లలో కాస్త సబ్బు ఉండాలి, లేకపోతే బుడగలు సరిగా ఊడవు. కర్పూరాన్ని ఆపే సబ్బు దీనికి ప్రాణం!

మురికి సంగతి: జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో శామ్యూల్ సాంచెజ్ బృందం 2013లో బయట ఇనుము, లోపల ప్లాటినం ఉన్న గొట్టాలతో నీళ్లలోని రంగుని విరగ్గొట్టి చూపించింది. గొట్టాలు తిరుగుతూ నీటిని కలుపుతుంటే పని వేగంగా అయింది. కానీ అది గాజుపాత్రలో. ఎకరం చెరువుకి ప్లాటినం లెక్క కడితే మన వల్ల కాదండి. పైగా ఒక పెద్ద అడ్డం ఉంది: ఉప్పు. దాంతో నేను పడ్డ పాట్లు విడిగా రాస్తాను.

గాజుపలక (15)

మా ల్యాబులో చేసేవి కడ్డీలు కావు, పూసలు. పాలిస్టైరిన్ పూసల్ని గాజుపలక మీద ఒకే వరసలో ఆరబెట్టి, పైనుంచి కొన్ని నానోమీటర్ల మందం ప్లాటినం ఆవిరి పడేలా చేస్తాం. పై సగానికే పూత పడుతుంది, అడుగు సగం అలాగే ఉంటుంది. గురివింద గింజ చూసినట్టే ఉంటుంది మైక్రోస్కోపు కింద, ఒక పక్క నలుపు. 2007లో షెఫీల్డ్‌లో ఇలాంటి 1.6 మైక్రాన్ల పూసల్ని కొలిచారు. వీటిలో తమాషా ఏమిటంటే ప్లాటినం వెనక ఉంటుంది, కడ్డీలకి సరిగ్గా ఉల్టా. సగం ప్లాస్టిక్ కాబట్టి బంగారానికీ ప్లాటినానికీ మధ్య నడిచే కరెంటు దీనికి లేదు. అందుకని చాలాకాలం ఇందులో విద్యుత్తు పాత్రే లేదు, ఒక పక్క ఆక్సిజన్ అణువులు ఎక్కువవడమే కారణం అనుకున్నారు.

నా మొదటి ఏడాదిలో మూడు నెలలు నా పూసలు కదల్లేదు. పూత మార్చాను, పెరాక్సైడ్ కొత్త సీసా తెరిచాను, పూసలే మార్చాను. అవి దుమ్ములా వణుకుతూ ఉన్నచోటే ఉండేవి. చివరికి మా సీనియర్ అక్క వచ్చి "దేంతో కలిపావు?" అని అడిగింది. పీహెచ్ నిలకడగా ఉండాలని నేను బఫర్ వాడుతున్నాను. అంటే ఉప్పు. అక్క ఏమీ అనకుండా శుద్ధ జలంతో మళ్లీ కలిపించింది. గాజుపలక పెట్టి ఫోకస్ తిప్పాను, పూసలు అప్పటికే పోతున్నాయి! ఆ సాయంత్రం ఇంటికి పోబుద్ధి కాలేదు.

నాకన్నా ముందే 2014లో ఎడిన్‌బరో, షెఫీల్డ్ బృందాలు ఇదే చూశాయి: లీటరుకి ఒక మిల్లీమోల్ ఉప్పు, అంటే 58 మిల్లీగ్రాములు, కలిపినా వేగం బాగా పడిపోతుంది. ఉప్పు ఆపుతోందంటే ఇందులోనూ విద్యుత్తు ఉందన్నమాట. పైనుంచి పడే పూత నడినెత్తిన మందంగా, నడుము దగ్గర పల్చగా ఉంటుంది. ఆ మందం తేడా వల్ల ప్లాటినంలోనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి కరెంటు తిరుగుతోందని షెఫీల్డ్ వాళ్లు వివరించారు. ఉప్పు నీటిని మంచి విద్యుద్వాహకం చేస్తుంది, క్షేత్రం బలహీనపడుతుంది, తాడు లాగే చెయ్యి జారిపోతుంది.

కొత్తగా ఈ పనికి వచ్చే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎవరైనా చదువుతుంటే ఒక మాట. పూసలన్నీ ఒకే దిక్కుకి పోతుంటే సంబరపడకండి. అది ఎక్కడో మూల బుడగ పెరిగి నీళ్లని నెట్టడం వల్ల వచ్చే కొట్టుకుపోవడం. పూత లేని పూసలు కొన్ని పక్కన కలపండి. అవీ కదిలితే అది ప్రవాహం. అవి వణుకుతూ నిలబడి, పూత పూసలు తలా ఒక దిక్కు పోతేనే అది మోటారు.

మందులషాపు_వరంగల్ (16)

58 మిల్లీగ్రాములకే ఆగిపోతే, సెలైన్ల లీటరుకు 9 గ్రాములు. మన రక్తంల కూడా ఇంచుమించు గంతే ఉప్పు. అంటే "రక్తంల ఈదే రోబోలు" అని వాట్సాప్‌ల తిరుగుతున్నయి గదా, అవన్నీ ఉత్తవేనా? పెరాక్సైడ్ అయితే ఒంట్లకు ఎక్కియ్యలేం గదా. రోజుకు ఇద్దరన్నా నా దగ్గరికొచ్చి ఇసొంటివి అడుగుతుంటరు. వాళ్లకు అబద్ధం చెప్పుడు నాకిష్టం లేదు.

గాజుపలక (17)

అన్నా, మీ ప్రశ్న సూటిగా ఉంది. బంగారం ప్లాటినం కడ్డీలు, మా పూసలు రక్తంలో ఈదవు. ఆ మాట ధైర్యంగా చెప్పండి. ఒంట్లో పనిచేయాలంటే ఇంధనం ఒంట్లోదే అయ్యుండాలి, నడిచే పద్ధతి ఉప్పుకి తట్టుకునేది అయ్యుండాలి.

కడుపులో ఆమ్లం ఉంది. కాలిఫోర్నియాలోని శాన్ డియెగోలో జోసెఫ్ వాంగ్ బృందం 2015లో 20 మైక్రాన్ల జింకు మోటార్లని ఎలుక కడుపులోకి పంపింది. జింకు ఆమ్లంతో కలిసి హైడ్రోజన్ బుడగలు వదులుతుంది, మోటారు కడుపు గోడ జిగురులోకి దూసుకుపోతుంది, జింకు అయిపోగానే కరిగిపోతుంది. 2017లో మెగ్నీషియం మోటార్ల మీద క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించి, ఎలుకల్లో హెలికోబాక్టర్ పైలోరీ అనే కడుపు బాక్టీరియా మీద ప్రయోగించారు. మెగ్నీషియం ఆమ్లాన్ని కాసేపు తగ్గిస్తుంది కూడా, మందు చెడిపోకుండా.

మూత్రాశయంలో యూరియా ఉంది. సాంచెజ్ బృందం యూరియేజ్ ఎంజైము అంటించిన నానో కణాలు చేసింది. యూరియాని అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతూ తిరుగుతాయి. వాటికి రేడియోధార్మిక అయోడిన్ జోడించి ఎలుకల మూత్రాశయంలోకి ఒక్క డోసు ఇస్తే కణితులు దాదాపు 90 శాతం తగ్గాయని 2024లో ప్రచురించారు. ఇవన్నీ ఎలుకల్లో చేసినవి. అడిగినవాళ్లకి ఆ ముక్క తప్పకుండా చెప్పండి.

లెక్కలమాస్టారు (18)

బెంగళూరు ఐఐఎస్సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) పని ఎవరూ ఎత్తలేదు. అంబరీష్ ఘోష్ గారు 2009లో హార్వర్డ్‌లో పీర్ ఫిషర్‌తో కలిసి గాజుతో 2 మైక్రాన్ల మరమేకులు చేశారు. మీద అయస్కాంత పదార్థం పూసి, చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని తిప్పితే మేకు తిరిగి ముందుకు చొచ్చుకుపోతుంది. ఉప్పు ఉన్నా లేకపోయినా దానికి ఒకటే. 2022లో ఐఐఎస్సీ వాళ్లు పీకిన పళ్లలోని సన్నటి నాళాల్లోకి వీటిని 2,000 మైక్రాన్ల లోతు దాకా పంపి, వేడి పుట్టించి బాక్టీరియాని చంపారు. రూట్ కెనాల్ చేయించుకుని మళ్లీ నొప్పితో తిరిగొచ్చినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది.

గాజుపలక (19)

ఆ పని అంటే నాకు చాలా గౌరవం మాస్టారూ. కానీ దాన్ని స్వయంగా నడిచే మోటారు అనడానికి నాకు మనసొప్పదు. బయట అయస్కాంతం ఆపితే ఆగుతుంది. క్షేత్రం ఒకటే కాబట్టి అన్ని మేకులూ ఒకే దిక్కుకి పోతాయి. మా పూసలు ఒక్కొక్కటీ తన దారి తనే చూసుకుంటుంది.

లెక్కలమాస్టారు (20)

ఒప్పుకోను బాబూ. నడపడానికి వీల్లేని మోటారుతో డాక్టరు ఏం చేస్తాడు? మీ పూస ఎంతసేపు తిన్నగా పోతుందో లెక్క చూడండి. నీటి అణువులు గుద్దుతూ 1.6 మైక్రాన్ల పూసని తిప్పేయడానికి పట్టే కాలం సుమారు 3 సెకన్లు. సెకనుకి 3 మైక్రాన్ల వేగమైతే 9 మైక్రాన్లు పోయేసరికి దిక్కు మర్చిపోతుంది. ఆ తర్వాత తాగినవాడి నడకే. పూసని రెట్టింపు సైజు చేస్తే ఈ కాలం 8 రెట్లు, 25 సెకన్లు అవుతుంది, అయినా దిక్కు మర్చిపోవడం తప్పదు.

గాజుపలక (21)

మీ లెక్క నూటికి నూరుపాళ్లు నిజం. అయితే అదే లెక్కని ఇంకోవైపు నుంచి చూడండి. ఇంధనం లేని పూస విస్తరణ గుణకం (వణుకుతూ ఎంత త్వరగా చుట్టూ పరుచుకుంటుందో చెప్పే అంకె) సెకనుకి 0.27 చదరపు మైక్రాన్లు. మోటారు నడిస్తే దానికి 7 కలుస్తుంది. తిన్నగా పోకపోయినా, అదే సమయంలో 25 రెట్లు ఎక్కువ ప్రదేశం తిరిగొస్తుంది. కణితి ఎక్కడుందో తెలియనప్పుడు, ఎవరూ నడపకుండా అన్ని మూలలూ వెతికేది కావాలి. డాక్టరు తిన్నగా పంపాల్సిన చోట మీ మరమేకు కావాలి. రెండింటికీ వేరే పేర్లు ఉండాలన్నదే నా పట్టుదల.

లెక్కలమాస్టారు (22)

పేరు వరకైతే సరే. పని వరకు నా ఓటు మరమేకుకే.

పంతులమ్మ_తెనాలి (23)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇవాళ క్లాసులో ముందుగా, మొన్న నేను చెప్పింది తప్పని పిల్లలకి చెప్పాను. బల్లకట్టు బొమ్మ వేశాను. పక్కన కడ్డీ వేసి, ప్రోటాన్ల బాణాలు ఎటు పోతాయో వాళ్లచేతే గీయించాను. నలభై మందిలో ముగ్గురు బల్లకట్టు ఎక్కినవాళ్లున్నారు, మిగతావాళ్లకి వాళ్లే చెప్పారు.

గంట కొట్టేశాక ఆ అమ్మాయి ఇంకో ప్రశ్నతో వచ్చింది: "రెండు మోటార్లు ఎదురుపడితే ఏమవుతుంది మేడం? ఒకటి వాడేసిన నీళ్లలోకి ఇంకోటి వస్తే?" ఈసారి తొందరపడలేదు. కనుక్కుని చెబుతానన్నాను.

గాజుపలక (24)

మేడం, ఆ అమ్మాయి ఏ ఊరు వెళ్లినా, ఏ ల్యాబులో చేరినా నాకు ఆశ్చర్యం లేదు. నూనెచుక్కల్లో సరిగ్గా దీన్నే 2017లో జర్మనీలోని గోటింగెన్‌లో కొలిచారు. చుక్క తను పోయిన దారంతా నూనె నిండిన సబ్బు గుంపుల్ని వదులుతుంది. ఆ జాడ తగిలితే వెనక వచ్చే చుక్క పక్కకి తిరిగిపోతుంది. తన పాత జాడే తనకి అడ్డొచ్చినా తప్పుకుంటుంది.

కర్పూరంతోనే చూపించవచ్చు. ఒకే ప్లేటులో రెండు పలుకులు వదలండి. రెంటి మధ్యా తలతన్యత తగ్గుతుంది కాబట్టి దగ్గరికి రాకుండా తప్పుకోవాలి. ప్లేటు వెడల్పుగా ఉండాలి, లేకపోతే అంచుల ప్రభావమే ఎక్కువ కనిపిస్తుంది.

పంతులమ్మ_తెనాలి (25)

గురువారం ప్రాక్టికల్ క్లాసు ఉంది. ఇంట్లో పెళ్లినాటి పెద్ద స్టీలు పళ్లెం ఒకటుంది, రెండడుగుల వెడల్పు. అది పట్టుకెళతాను. రెండు పలుకులతో మొదలుపెట్టి అయిదు దాకా పెంచి, ఒకదాని దారిలోకి ఇంకోటి వచ్చినప్పుడు ఏం చేస్తుందో పిల్లలచేత రాయిస్తాను.

లెక్కలమాస్టారు (26)

స్టీలు పళ్లేనికి వంటింటి జిడ్డు ఎక్కువ పట్టి ఉంటుంది తల్లీ. ముందురోజు రాత్రే వేడినీళ్లతో తొలిచి బోర్లించండి, ఆ తర్వాత ఎవరినీ వేలు పెట్టనివ్వకండి.